ఏ డైదో కూడా రాయండి

నాణేల గ్రేడింగ్ సంస్థల్లో వెరైటీలు తేల్చే పరిశీలకులకు బహిరంగ లేఖ

నాణేన్ని ప్లాస్టిక్ స్లాబ్‌లో సీలు చేసి మీరు పెట్టే లేబుల్ అంటే నాకు గౌరవం ఉంది. ఆ లేబుల్ ఉండబట్టే ముఖం తెలియని మనిషి దగ్గర, నాణేన్ని చేత్తో పట్టుకుని చూడకుండానే, వేల రూపాయలు పెట్టి కొనగలుగుతున్నాం. దొంగ నాణేలు వరదలా వచ్చిపడుతున్న రోజుల్లో, 1972లో, అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వాళ్లు ఏఎన్ఏసీఎస్ అనే సంస్థను మొదలుపెట్టారు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ రంగంలోకి దిగాయి. నాణెం స్థితికి ఒకటి నుంచి డెబ్బై దాకా అంకె వేసి, స్లాబ్‌లో పెట్టి సీలు చేయడం అప్పటి నుంచే అలవాటైంది. ఆ అంకెతో నాకు పేచీ లేదు. నేను రాస్తున్నది అంకె పక్కన పడే చిన్న మాట గురించి, అంటే నాణెం ఏ వెరైటీయో చెప్పే మాట గురించి. బొమ్మ వైపు డబుల్డ్ డై (అచ్చులోనే బొమ్మ రెండుగా పడినది) అయితే డీడీఓ, బొరుసు వైపు అయితే డీడీఆర్. ఆ మూడక్షరాలు పడితే ఒక్క సెంటు వందల డాలర్లు పలుకుతుంది. పడకపోతే సెంటు సెంటే.

2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణీ కోసం చివరి సెంటు కొట్టారు. ఆ వార్త వచ్చాక అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో కూడా సీసాల్లో, సొరుగుల్లో మూలుగుతున్న సెంట్లన్నీ బల్లల మీదికి వచ్చాయి. న్యూజెర్సీలో మా మేనల్లుడు బ్యాంకు నుంచి సెంట్ల పెట్టెలు తెచ్చుకుంటాడు. పెట్టెకు యాభై రోల్స్, రోల్‌కు యాభై సెంట్లు. అంటే పాతిక డాలర్లకు రెండున్నర వేల నాణేలు. శనివారం రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టుకుని భూతద్దంతో ఒక్కొక్కటే చూస్తాడు. ఇలాంటివాళ్లు కొత్తగా బోలెడుమంది ఈ విద్యలోకి వస్తున్నారు. వాళ్లు పుస్తకం కంటే ముందు చూసేది మీ లేబుల్‌నే. అందుకే ఈ లేఖ ఇప్పుడు రాస్తున్నాను.

తెలుగు పాఠకుల కోసం మీకు తెలిసిన సంగతే కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. నాణెం మీద బొమ్మ వేసే అచ్చే డై. ఆ అచ్చును తయారుచేసే ఇంకో అచ్చు హబ్. హబ్ మీద బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని మెత్తబరిచిన ఉక్కు దిమ్మె మీద పెట్టి విపరీతమైన ఒత్తిడితో నొక్కితే బొమ్మ గుంటగా, తిరగబడి పడుతుంది. పాత పద్ధతిలో ఒక్క నొక్కుడుతో పని అయ్యేది కాదు. ఒత్తిడికి ఉక్కు బిరుసెక్కేది. దాన్ని మళ్లీ కాల్చి మెత్తబరిచి రెండోసారి హబ్ కింద పెట్టేవారు. ఆ రెండోసారి దిమ్మె రవ్వంత పక్కకు తిరిగినా, పోస్టాఫీసు ముద్ర ఒకే చోట రెండుసార్లు పడినట్టు, అక్షరాలు రెండేసి పడతాయి. ఆ డైతో ఎన్ని నాణేలు కొడితే అన్నింటి మీదా అదే తేడా, అదే చోట, అంతే మేర కనిపిస్తుంది. ఇదీ అసలైన డబుల్డ్ డై.

మెషిన్ డబ్లింగ్ వేరు. అక్కడ అచ్చులో దోషం ఉండదు. నాణెం కొట్టిన క్షణంలో, డై వదులుగా ఉండటం వల్ల రవ్వంత కదిలి, అప్పుడే లేచిన అక్షరం అంచును పక్కకు తోసేస్తుంది. ఇంకోటి అరిగిన డైతో వచ్చే వాపు. అక్షరాల అంచులు ఉబ్బి, పక్కన నీడ పడినట్టుంటుంది. ఈ రెండింటికీ సేకర్తల దగ్గర అదనపు ధర లేదు. మామూలు కంటికి మాత్రం మూడూ ఒకటే: అక్షరం రెండుగా కనిపించడం.

భూతద్దం కింద చూస్తే తేడా తెలిసిపోతుంది. అసలైన డబుల్డ్ డైలో రెండో అక్షరం కూడా మొదటిదాని లాగే గుండ్రంగా, నిండుగా లేచి ఉంటుంది. అక్షరం మూలల్లో చిన్న గంటు, చీలిక కనబడుతుంది. అక్షరం మొత్తం వెడల్పు పెరుగుతుంది. మెషిన్ డబ్లింగ్‌లో రెండోది బల్లపరుపుగా, మెట్టు కోసినట్టు, లోహం మెరుస్తూ ఉంటుంది. అసలు అక్షరం ఒంటి లోంచే ఆ మెట్టు తెగింది కాబట్టి అక్షరం సన్నబడుతుంది. నేర్పించే ఓపిక ఉంటే పదేళ్ల పిల్లవాడికి కూడా ఇది పట్టుబడుతుంది.

ఈ తేడాకు 1969-ఎస్ సెంటును మించిన ఉదాహరణ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టిన ఆ సెంట్లలో ఒక డబుల్డ్ డై ఉంది. సంవత్సరం అంకెలు, 'లిబర్టీ', 'ఇన్ గాడ్ వి ట్రస్ట్' అక్షరాలు కొట్టొచ్చినట్టు రెండుగా ఉంటాయి. అది బయటపడిన కొత్తలో కొన్నింటిని దొంగ నాణేలని అమెరికా సీక్రెట్ సర్వీస్ స్వాధీనం చేసుకుంది. టంకశాల నుంచి వచ్చిన అసలు నాణేలేనని తర్వాత తేలింది. ఇప్పుడు దాని విలువ వేల డాలర్లలో ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, 1969-ఎస్ సెంట్లలో మెషిన్ డబ్లింగ్ ఉన్నవి కోకొల్లలు. వాటిని పట్టుకుని ఆశపడనివాళ్లు లేరు. చూడాల్సింది సంవత్సరం కింద ఉన్న 'ఎస్' గుర్తును. ఆ రోజుల్లో టంకశాల గుర్తు హబ్‌లో ఉండేది కాదు. డై తయారయ్యాక దాని మీద చేత్తో విడిగా కొట్టేవారు. కాబట్టి హబ్ రెండుసార్లు పడటం వల్ల అక్షరాలు రెండైనా 'ఎస్' ఒక్కటే ఉండాలి. అంకెలతో పాటు 'ఎస్' కూడా అదే దిక్కుకు జరిగి రెండుగా కనిపిస్తే, కదిలింది ప్రెస్‌లోని డై. అప్పుడది దాదాపు ఖాయంగా మెషిన్ డబ్లింగే.

ఇది మీ పరిశీలకులకు వెన్నతో పెట్టిన విద్య. ఒక 1969-ఎస్ సెంటును చూసి, 'ఎస్' కూడా జరిగింది కదా అని క్షణంలో పక్కన పెట్టేస్తారు. కానీ ఆ నాణేన్ని పంపిన మనిషికి ఏం చేరుతుంది? సంవత్సరం, గ్రేడు. అంతే. వెరైటీ తేల్చమని అతను విడిగా రుసుము కట్టాడు. తేలిందల్లా తన నాణెం డబుల్డ్ డై కాదని, అది కూడా లేబుల్ మీద ఆ మాట లేకపోవడాన్ని బట్టి ఊహించుకోవాలి. ఎందుకు కాదో ఒక్క ముక్క ఉండదు. అతను అదే నాణేన్ని ఇంకో సంస్థకు పంపుతాడు, లేదంటే స్లాబ్ పగలగొట్టి, 'గ్రేడింగ్ వాళ్లు గమనించలేదు' అని ఇంకొకరికి అమ్ముతాడు. చెప్పకుండా వదిలేసిన ఒక్క మాట వల్ల ఒక నాణెం చుట్టూ ఇంత కథ నడుస్తుంది.

నేను అడిగేది కష్టమైన పని కాదు. వెరైటీ రుసుము తీసుకున్న ప్రతి నాణేనికీ, లేబుల్ మీద చోటు లేకపోతే సర్టిఫికెట్ నంబరు కొడితే తెరుచుకునే పేజీలోనైనా, కారణం రాయండి. 'మెషిన్ డబ్లింగ్', 'డై అరుగుదల', 'మా జాబితాలో లేని డై'. ఈ మూడింట్లో ఏదో ఒకటి చాలు. రుసుము కట్టకుండా పంపిన నాణేలకు 'వెరైటీ చూడలేదు' అని ఆ పేజీలో రాయండి. ఇప్పుడు రెండింటి లేబుళ్లూ ఒకేలా ఉన్నాయి. చూసి కాదన్నదానికీ, అసలు చూడనిదానికీ తేడా తెలియక కొనేవాడు అవస్థ పడుతున్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డీడీఓ అని రాసి ఊరుకునే అలవాటు 1955 సెంటు నుంచి వచ్చిందని నా నమ్మకం. ఆ కథ సేకర్తలందరికీ కంఠోపాఠం. ఫిలడెల్ఫియాలో రాత్రి పనిలో ఒక డై తేడాగా ఉన్నట్టు ఆలస్యంగా గమనించారు. అప్పటికే ఆ డై నాణేలు మిగతా ప్రెస్‌ల నాణేలతో కలిసిపోయాయి. అన్నింటినీ కరిగించడం ఎందుకని వదిలేశారు. ఇరవై వేలకు పైగా బయటికి వెళ్లాయని అంచనా. సిగరెట్ పెట్టెల్లో చిల్లరగా చాలా చేతులు మారాయి. అప్పట్లో యంత్రంలో సిగరెట్ పెట్టె ఖరీదు ఇరవై మూడు సెంట్లు. పాతిక సెంట్ల నాణెం వేస్తే తిరిగి ఇవ్వాల్సిన రెండు సెంట్లను పెట్టె మీది పారదర్శక కాగితం కింద ముందే పెట్టి అమ్మేవారు. ఆ చిల్లరలో ఈ వింత అంకెల సెంట్లు జనానికి చేరాయి. పాత లేబుళ్ల మీద '1955/55' అని ఉండేది కూడా దీనికే. ప్రసిద్ధికెక్కిన డై ఒక్కటే, తేడా చేయి చాచినంత దూరం నుంచే కనిపిస్తుంది. కాబట్టి ఒక్క మాట సరిపోయింది. అక్కడ కూడా దొంగ నాణేలను పట్టుకోవడానికి మీరు నమ్ముకునేది ఆ మాటను కాదు, బొరుసు వైపు 'సెంట్' అన్న పదంలో 'టి' అక్షరానికి ఎడమ పక్కన ఉండే సన్నటి నిలువు గీతల్ని. అవి ఆ డైని సానబట్టినప్పుడు మిగిలినవి.

1972 సెంటు దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు పనికిరాకుండా పోయింది. ఆ ఏడాది ఫిలడెల్ఫియా సెంట్లలో డబుల్డ్ డై ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అందులో మొదటి డై అని పిలిచేదే పేరున్నది. బిల్ ఫైవాజ్, జె.టి. స్టాంటన్ రాసిన 'చెర్రీపికర్స్ గైడ్'లో దానికి ఎఫ్ఎస్-101 అని నంబరు. 'లిబర్టీ' అక్షరాలు విడిపోయి స్పష్టంగా రెండుగా నిలబడతాయి. మిగతా డైలలో ఆ తేడా వెంట్రుకవాసి నుంచి ఒక మోస్తరు దాకా ఉంటుంది. ధరలో తేడా అంతకంటే ఎక్కువ. అన్నీ డబుల్డ్ డైలే, అన్నీ బొమ్మ వైపువే. వాటి మీద డీడీఓ అన్న మాట అబద్ధం కాదు, కానీ నిజం కూడా పూర్తిగా చెప్పినట్టు కాదు.

మా మేనల్లుడు ఒక నాణేల ప్రదర్శనలో స్లాబ్‌లో ఉన్న 1972 సెంటు కొన్నాడు. లేబుల్ పాతది. '1972 డీడీఓ' అని ఉంది, నంబరు లేదు. అమ్మినాయన పేరున్న డై ధరే అడిగాడు, ఇతను లేబుల్‌ని నమ్మి ఇచ్చాడు. ఇంటికి వచ్చి ఫొటోలు పంపితే ఇద్దరం కలిసి చూశాం. ముందు బొరుసు వైపు చూశాను. మొదటి డై నాణేల మీద 'యునైటెడ్' పదం చివరి 'డి' అక్షరానికి పైన, అంచు దగ్గర, డై మీద గీరుకుపోయిన చిన్న గుర్తు ఉంటుంది. ఆ సెంటు మీద అది లేదు. బొమ్మ వైపు 'లిబర్టీ'లో 'ఇ' అడ్డగీతల చివర్లు ఒక గంటు మేరకే చీలాయి, రెండు అక్షరాలుగా విడిపోలేదు. అది ఆ ఏడాది చిన్న డైలలో ఒకటి. నాణెం అసలుదే. గ్రేడూ సరిగ్గానే ఉంది. లేబుల్ మీద రాసింది ఒక్కటీ తప్పు కాదు. అయినా అతను నిండా మునిగాడు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఈ పద్ధతి ఎవరిదైనా ఫలితం ఒకటే.

కాబట్టి నంబరు లేని డీడీఓ ఇక వద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. మోర్గాన్ వెండి డాలర్ల విషయంలో మీరే చక్కటి దారి వేశారు. వాటికి వాన్ అలెన్, మాలిస్ ఇచ్చిన వ్యామ్ నంబర్లను లేబుల్ మీద వేస్తున్నారు. ఆ నంబరు చూస్తే ఏ రెండు డైల జత ఆ డాలర్‌ను కొట్టిందో తెలుస్తుంది. 1888-ఓ డాలర్ మీద లిబర్టీ పెదవులు రెండుగా పడిన 'హాట్ లిప్స్' ఉంది కదా, అది డబుల్డ్ డైయే. దాన్ని వ్యామ్-4 అనే అందరూ గుర్తుపడతారు. వెండి డాలర్‌కు దక్కిన మర్యాద రాగి సెంటుకు ఎందుకు దక్కకూడదు?

నంబరు ఎవరిదన్నది ఇంకో చిక్కు. ఒకే డైకి ఫైవాజ్-స్టాంటన్ నంబరు ఒకటి, పొరపాటు నాణేల సేకర్తల సంఘం కొనెకా నంబరు ఇంకొకటి, జాన్ వెక్స్‌లర్ జాబితా నంబరు మరొకటి. ఈ రంగంలో పండిపోయినవాళ్లకు ఇది ఇబ్బంది కాదు. కొత్తవాళ్లు మాత్రం మూడు నాణేలున్నాయనుకుంటారు. లేబుల్ మీద ఒకటే వేయండి, ఫరవాలేదు. సర్టిఫికెట్ పేజీలో మాత్రం మూడూ పక్కపక్కన పెట్టి, కనీసం ఒక్క దగ్గరి ఫొటో చేర్చండి. రెండుగా పడిన అక్షరాలను దగ్గర నుంచి తీసిన ఫొటో కావాలి. నాణెం మొత్తం కనిపించే ఫొటోలో ఈ తేడాలు కనబడవు.

ఆ పేజీ ఎంత పనికొస్తుందో చూడాలంటే 1942/1 డైమ్‌నే, అంటే పది సెంట్ల నాణేన్నే తీసుకోండి. అది కూడా ఒక రకం డబుల్డ్ డైయే. ఒకసారి 1941 హబ్, ఇంకోసారి 1942 హబ్ పడిన డై అది. లేబుల్ మీద '1942/1' అని ఉంటుంది. తప్పు లేదు, సేకర్తలకు ఆ పేరే అలవాటు. పేజీలో మాత్రం ఇదెలా పుట్టిందో ఒక వాక్యం ఉంటే, నేర్చుకునేవాడికి ఆ పేరు ఎందుకొచ్చిందో, అది డబుల్డ్ డై ఎలా అయిందో రెండూ ఒక్కసారే అర్థమవుతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1990ల చివరి నుంచి అమెరికా టంకశాల ఒకే నొక్కుడుతో డై పూర్తిచేసే పద్ధతికి మారింది. రెండో నొక్కుడే లేనప్పుడు డబుల్డ్ డై ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. వస్తుంది. ఉక్కు దిమ్మె పై భాగం మధ్యలో కొంచెం మొనదేలి ఉంటుంది. అది రవ్వంత ఒరిగి కూర్చున్నప్పుడు హబ్ మొదట మధ్య భాగాన్నే తాకుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ దిమ్మె సర్దుకుంటుంది. ఆ సర్దుబాటులో మధ్యలో ఉన్న బొమ్మ కాస్త రెండుగా పడుతుంది. అందుకే కొత్త నాణేల మీద ఈ తేడాలు అంచు అక్షరాల దగ్గర కాక, ఎక్కువగా నడిమి బొమ్మలో ఉంటాయి. 2009 సెంట్ల బొరుసు మీద దుంగ మీద కూర్చుని పుస్తకం చదివే కుర్ర లింకన్ చేతికి అదనపు వేళ్లు మొలిచినట్టుండే డైలు పదుల కొద్దీ ఉన్నాయి. వాటన్నింటినీ డీడీఆర్ అన్న ఒక్క మాట కిందికి చేరిస్తే ఏం తెలుస్తుంది? ఏ వేలు, ఎంత పొడవు, ఏ డై? అసలు ప్రశ్నలన్నీ అక్కడే మిగిలిపోతాయి.

పుస్తకంలోకి ఎక్కని డైల పరిస్థితి ఇంకా ఇబ్బంది. పుస్తకం కొత్త ముద్రణకు ఏళ్లు పడుతుంది. ఈలోపు ఎవరో ఒక పిల్ల సెంట్ల పెట్టెలో కొత్త డైని కనిపెడుతుంది. మీ జాబితాలో లేదు కాబట్టి లేబుల్ మీద ఏమీ పడదు. 'డబుల్డ్ డై, ఇంకా నమోదు కాలేదు' అని రాసి, ఫొటో తీసి ఉంచితే, రేపు నంబరు వచ్చినప్పుడు ఆమె కనిపెట్టిన నాణెం మరుగున పడిపోదు. 1958 సెంట్లలో ఒక డబుల్డ్ డై ఉంది. ఇప్పటిదాకా లోకానికి తెలిసినవి మూడే. వాటిలో ఒకటి 2023లో వేలంలో పదకొండు లక్షల డాలర్లు దాటింది. అలాంటి అరుదైన నాణేన్ని మొదటిసారి చూసినవాడి మాట ఎవరో ఒకరు ఓపికగా విన్నారు కాబట్టే మనందరికీ దాని సంగతి తెలిసింది.

మీ లేబుళ్ల ప్రభావం అమెరికాతో ఆగడం లేదు. హైదరాబాద్‌లో 1803 నుంచి టంకశాల ఉంది. సైఫాబాద్ మింట్ కాంపౌండ్ మా ఊళ్లో అందరికీ తెలుసు. 1997లో టంకశాల అక్కడి నుంచి చర్లపల్లికి తరలింది. హైదరాబాద్‌లో కొట్టిన నాణేలకు సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రం ఉన్న ఐదు రూపాయల బిళ్లలు పట్టుకుని కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. "అంకుల్, ఇది డబుల్ డై, ఇంత ధర వస్తుందట" అంటారు. నేను చూసినవాటిలో చాలా మటుకు మెషిన్ డబ్లింగే. అక్షరం పక్కన బల్లపరుపు మెట్టు కనిపిస్తూనే ఉంటుంది. వాళ్లకు ఆ మాట ఎక్కడిదంటే, అమెరికా స్లాబ్‌ల ఫొటోల నుంచే. మాట మాత్రమే నేర్చుకున్నారు. ఆ మాట వెనుక ఉన్న పరీక్ష వాళ్ల దాకా రాలేదు. మీ పేజీల్లో కారణాలు, దగ్గరి ఫొటోలు ఉంటే ఇక్కడి కుర్రాడు కూడా వాటినే పక్కన పెట్టుకుని తన ఐదు రూపాయల బిళ్లను తనే పరీక్షించుకోగలడు. వాట్సాప్‌లో వేలకు వేలు అడిగే బేరగాళ్ల మాటకు లొంగిపోడు.

దీనికి ఖర్చవుతుందని మీరంటారు. రోజుకు వేల నాణేలు చూసే చోట ఒక్కోదానికి అదనంగా రెండు నిమిషాలంటే మాటలు కాదని నాకు తెలుసు. కానీ వెరైటీ తేల్చడానికి మీరు విడిగా రుసుము తీసుకుంటున్నారు. పరిశీలకుడు ఆ తేడాను ఎలాగూ చూస్తాడు, ఏ డై అన్నది మనసులో ఎలాగూ తేల్చుకుంటాడు. అప్పటికే తేలిన సంగతిని రాసిపెట్టడం ఒక్కటే మిగిలిన పని. పాత స్లాబ్‌ల విషయంలో కూడా ఒక కోరిక ఉంది. నంబరు లేని పాత డీడీఓ లేబుల్‌ను వెనక్కి పంపితే, మళ్లీ గ్రేడింగ్ రుసుము లేకుండా, నంబరు వేసిన లేబుల్ ఇవ్వండి. తపాలా ఖర్చు మేమే పెట్టుకుంటాం. ముందుగా 1972 సెంట్లతో మొదలుపెట్టండి. ఎక్కువమంది మోసపోతున్నది అక్కడే, ఏ డై అన్నది తేల్చడం తేలిక కూడా అక్కడే. బొరుసు తిప్పి 'యునైటెడ్' చివరి 'డి' అక్షరం పైన ఆ గుర్తు ఉందో లేదో చూస్తే సగం పని అయిపోతుంది.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక నాణేల సేకర్త